అత్తాకోడళ్ళకు గీసిన గీత

తండా నుంచి
4 ఫిబ్రవరి 2024

బామ్మర్ది హరిలాల్‌కు ధన్‌సింగ్ రాం రాం.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను "అవ్, అవ్" అంటున్నానని, ఆ అవ్‌లన్నీ పోగేసి నీ కొడుకు పెళ్ళికి రెండు మేకపోతులు ఇస్తానని ఒప్పుకున్నట్టు చెప్పుకుంటున్నావని మీ అక్క కమ్లి చెప్పింది. బామ్మర్దీ, నా కుడి చెవి పోయి చాలా కాలమైంది. ఎడమది దాని దారిలోనే ఉంది. ఫోన్‌లో నీ గొంతు నాకు కప్ప అరిచినట్టు వినపడుతుంది. అవ్ అనడం మర్యాద కోసం. ఇకమీదట ఏదున్నా ఉత్తరం రాయి. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంకా ఉన్నాయి. కాగితానికి చెవుడు లేదు.

విశేషం ఏమిటంటే మన తండాకు రోడ్డు వచ్చింది. అంటే రోడ్డు రాలేదు, రోడ్డు కొలిచేవాళ్ళు వచ్చారు. చండ్రుగొండ దారి నుంచి తండా దాకా డబుల్ రోడ్డట. ఆ పని మీ కాంట్రాక్టర్‌దేనని, సూపర్‌వైజర్‌వి నువ్వేనని రూప్లా చెప్పాడు. మన పామాయిల్ గెలలు అశ్వారావుపేట మిల్లుకు తోలే రూప్లానే. ఈ ఉత్తరం కూడా వాడి ట్రాక్టర్ మీదే పోస్టుకు వస్తోంది.

రోడ్డు కావాలి, కాదనను. వానాకాలంలో మీ అక్క బండి మీంచి జారి బురదలో కూర్చుంటే లేపడానికి వెళ్ళి నేనూ కూర్చున్నాను. మనవరాలు సోని బస్సు లేక కొత్తగూడెంలో హాస్టల్ నీళ్ళచారు తాగుతోంది. గెలలు గుంతల్లో దిగబడి మిల్లు చేరేసరికి మెత్తబడుతున్నాయి.

నా దిగులు వేరే. వచ్చినవాళ్ళు అడివి పక్క చెట్ల నడుముకు తెల్ల పెయింటుతో గీత చుట్టి, పైన నంబర్ వేసుకుంటూ పోయారు. మద్దికి వేశారు, తునికికి వేశారు, నా మోకాలంత లావు లేని టేకుకూ వేశారు. మలుపు దగ్గర అత్తాకోడళ్ళకు మాత్రం వేయలేదు. ఆ రెండు ఇప్పచెట్లూ నీకు తెలియనివి కావు. చిన్నప్పుడు అత్త మీంచి పడే కదా నీ ముందు పన్ను పోయింది. తండాలో సగం ఇళ్ళకు ఎండాకాలం వాటి పువ్వే ఆధారం.

పెయింటు వేసేవాణ్ణి అడిగాను, వీటి సంగతేమిటని. వాడు ఏదో పెద్దగానే చెప్పాడు. నేను అవ్ అన్నాను.

ఆ రెంటికీ గీత పడలేదన్న దిగులుతో నాకు అన్నం సయించడం లేదు. నువ్వు పెద్ద సార్లతో తిరిగేవాడివి, ఏదైనా దారి చూడు. నా పామాయిల్ గట్టు లోపల కూడా ఏవో మేకులు పాతి ఎర్రగుడ్డలు కట్టి పోయారు. పొరపాటున పాతి ఉంటారు. ప్రస్తుతం వాటికి మేకలను కట్టేస్తున్నాం.

మేకపోతులు ఇవ్వని మీ బావ,
ధన్‌సింగ్


కొత్తగూడెం
13 ఫిబ్రవరి 2024

బావకు దండాలు. అక్కకు కూడా.

ఉత్తరం అందింది. పెద్ద సార్లతో తిరుగుతానన్నావు. నిజమే. టేపు మొదటి కొన సారు పట్టుకుంటే రెండో కొన నేను పట్టుకుంటాను. ముళ్ళకంపలు ఎప్పుడూ రెండో కొన వైపే ఉంటాయి. మా ఇంటావిడ నన్ను ఇంజనీరంటూ కిరాయి ఇంటి ఓనరుకు పరిచయం చేసింది. ఆయన వెంటనే కిరాయి పెంచాడు.

ఇక నీ దిగులు. అత్తాకోడళ్ళకు గీత లేదని అన్నం సయించడం లేదన్నావు. ఆ వెంటనే పామాయిల్‌లో మేకులన్నావు. నేను ఇంటర్ తప్పినవాణ్ణే కానీ పక్కపక్కన పెట్టిన రెండు మాటలను కలుపుకోగలను. నువ్వు రాయనిది కూడా అర్థమైంది. నీ సొంత చేతులతో నాటి, బొట్టు బొట్టుగా నీళ్ళు పెట్టి పెంచిన తోట. నీ స్థానంలో నేనున్నా అదే ఆలోచిస్తాను.

ఇలాంటివి కాగితం మీద పెట్టకూడదు. ఒక్క ముక్క చెబుతాను. ఆ రెంటికీ గీత ఉంటే ఇక ఎవరికీ ఏ బాధా ఉండదు. సార్ల తనిఖీ వచ్చే నెల. పెయింటు డబ్బా, బ్రష్షూ అంగన్‌వాడీ వరండాలో వదిలిపెట్టారని విన్నాను. ఇంతకంటే రాస్తే నా కొలువు పోతుంది. నువ్వు తెలివైనవాడివి.

చదివాక ఈ ఉత్తరాన్ని పొయ్యిలో వేయి.

నీ మేలు కోరే,
హరిలాల్


తండా నుంచి
28 ఫిబ్రవరి 2024

బామ్మర్దికి రాం రాం.

పొయ్యిలో వేయమన్నావు. మీ అక్క గ్యాస్ మీద వండుతోంది. ఉత్తరాన్ని బియ్యం డబ్బా కింద పెట్టాను.

పని అయింది. మిట్టమధ్యాహ్నం, అందరూ పడుకున్న వేళ చూసి వెళ్ళాను. కోడలికి తేలికగానే అయింది. అత్త వంగి ఉంటుంది కదా, వెనక వైపు గీయడానికి ఆ వాలులో బోర్లా పడుకోవలసి వచ్చింది. ఉడుములాగా పాకుతున్నానని మీ అక్క నవ్వింది. ఎవరైనా వస్తే దగ్గమని ఆమెను కాపలా పెట్టాను. ఆమె దగ్గితే నాకు వినపడదన్న సంగతి ఇద్దరికీ ఇంటికొచ్చాక తట్టింది.

"ఏందయ్యా, చెట్లకు మొలతాడు కడుతున్నవా?" అంది.

"అవ్" అన్నాను. ఈసారి వినే అన్నాను.

నంబర్లు కూడా వేశాను. నంబర్ లేని గీతను ఎవరూ లెక్క చేయరు కదా. వాళ్ళు ఆపిన అంకె తర్వాత నుంచి ఎత్తుకున్నాను. వాళ్ళ చేతిరాత కంటే నాదే నయం. ధోవతికి అంటిన పెయింటు కిరసనాయిలుకు కూడా పోలేదు. అది కట్టుకుని తిరుగుతుంటే సర్కారు మనిషిలా ఉన్నానని రూప్లా అన్నాడు.

ఇప్పుడు మనసు నెమ్మదిగా ఉంది. నిన్నే తొలి పువ్వు రాలింది. తండావాళ్ళు కింద ఆకులు ఊడ్చి కాల్చి నేల చదును చేసుకున్నారు. మీ అక్క తట్ట తీసుకుని పోతోంది. నీ మేలు మరువను. ఒక మేకపోతు గురించి ఆలోచిస్తాను.

ధన్‌సింగ్


కొత్తగూడెం
22 మార్చి 2024

బావకు వెయ్యి దండాలు.

నిన్ను ఇన్నాళ్ళూ అమాయకుడివనుకున్నాను. తప్పు నాది.

మొన్న తనిఖీ అయింది. నువ్వు ఆ రోజు సంతకు పోయావట. అదీ తెలివే. మలుపు దగ్గర ఇంజనీర్ సారు ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఏందయ్యా హరిలాల్, ఈ రెండు ఇప్పలు అడ్డమనే కదా రోడ్డును ఎడమకు, పామాయిల్ తోటలకెళ్ళి తిప్పినం? మరి వీటికి గీత ఎవడేసిండు?" అన్నాడు. నేను చెట్టు దగ్గరికి పోయాను. నంబర్ చూస్తే నాలుగంకె అచ్చం కుర్చీలా ఉంది. ఈ భూమ్మీద నాలుగును కుర్చీలా వేసేవాడు మా బావ ఒక్కడే.

అయినా తేరుకున్నాను. "మార్కింగోళ్ళే వేసిండ్రు కావచ్చు సార్. మలుపుంటే యాక్సిడెంట్లయితయ్. చక్కగ కొట్టేస్తే జల్దీ అయిపోతది" అన్నాను. సారు తిన్నని రోడ్డు చవక అనుకున్నాడేమో, సరే అన్నాడు. ఆ రెంటినీ కూడా పర్మిషన్‌లో కలుపుతామన్నారు.

నీ తోటలో ఒక్క మట్ట కూడా పోదు. మేకులు పీకి మేకలకే ఉంచుకో. ఉగాది దాటగానే రంపాలు వస్తాయి. గీత ఉన్నవన్నీ పోతాయి, మలుపు దగ్గరి రెంటితోనే మొదలు.

బావ కోసం ఇంత చేసిన బామ్మర్ది జిల్లాలో ఉండడు. రెండు మేకపోతులు.

హరిలాల్


తండా నుంచి
27 మార్చి 2024

హరిలాల్,

నరికేస్తారా? గీత ఉన్నవాటినా?

వయసులో ఉన్నప్పుడు, అంటే నీకు చొక్కా గుండీ పెట్టుకోవడం రానప్పుడు, నేను ఈ అడివిలోనే సర్కారు చెట్లు కొట్టించే కూపు పనికి పోయేవాణ్ణి. కూపు కొట్టే ముందు విత్తనానికి వదలవలసిన పెద్ద చెట్లకు నడుము చుట్టూ తారు గీత గీసేవాళ్ళు. గీత ఉందంటే గొడ్డలి తాకకూడదు. గీత లేనిదంతా నేల మీదికి. పొరపాటున గీత చెట్టు మీద దెబ్బ పడితే ఆ రోజు కూలి లేదు. నా తలలో గీతకు ఉన్న అర్థం అదొక్కటే. వాళ్ళు టేకుకూ తునికికీ గీత వేస్తుంటే, ఎంత మంచి సర్కారు వచ్చిందిరా, ఇన్ని చెట్లు వదిలేస్తున్నారు అనుకున్నాను. మరి రోడ్డు ఎక్కడ పడుతుందని నాకు తట్టలేదు. మీ అక్కకూ తట్టలేదు కానీ, పాకింది ఆమె కాదు కదా.

నేను గీసింది వాటిని కాపాడడానికి. నా తోట కోసం కాదు. మేకుల అర్థం ఇప్పుడు నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది.

రూప్లా నోటి నుంచి సంగతి తండా అంతా పాకింది. మా తండా పెద్ద, నాయక్ హాతీరాం అందరి ముందూ, నాకు వినపడేంత గట్టిగా అన్నాడు: "మామా, నీ పామాయిల్ సల్లగుండనీకి మా ఇప్పలకు గీత గీసినవ్. మంచి తెలివిగల్లోడివి." పుట్టి ఇన్నేళ్ళలో నన్ను ఒకరు తెలివిగలవాడనడం ఇదే మొదలు. అదీ ఇలాంటి పనికి.

పువ్వు ఏరడానికి పోయిన మీ అక్కతో ఎవరూ మాట్లాడలేదట. ఆమె తట్ట సగానికే ఇంటికి వచ్చింది.

ఏదైనా చేయి. చేసేముందు నాకు రాయి.

ధన్‌సింగ్


కొత్తగూడెం
1 ఏప్రిల్ 2024

బావకు,

నీ మొదటి ఉత్తరాన్ని మళ్ళీ తీసి చదివాను. అందులో పామాయిల్ కోసం దిగులని ఎక్కడా లేదు. నేనే చదువుకున్నాను. నా మనసులో ఉన్నదే నీ రాతలో కనిపించింది. మా ఇంటావిడ ముందు "చూసినవా, బావ ఎట్ల చక్రం తిప్పిండో" అని పొగిడాను. ఇప్పుడు సంగతి చెబితే "ఆయనకు చెవి లేదు సరే, నీకేమయింది?" అంది. కాగితానికి చెవుడు లేదన్నావు. చదివేవాడికి ఉంటే ఏం లాభం?

దారి ఒకటుంది. ఆ రెంటికి పర్మిషన్ కాగితం ఇంకా పైనుంచి రాలేదు. వచ్చే సోమవారం సార్లు చివరిసారి వస్తారు. ఆ గీతలు నువ్వే గీశావని వాళ్ళ ముందు చెప్పాలి. చెప్పినంత మాత్రాన రోడ్డు వంగదు. మలుపు ఉండాలంటే మొదటి ప్లాన్ ప్రకారం నీ తోటలోంచి పోవాలి. దారి పక్క వరుస మొత్తం, ఇప్పుడిప్పుడే గెల దిగుతున్నవే. ఇస్తానని సంతకం పెట్టాలి. నష్టపరిహారం వస్తుంది. ఎప్పుడని నన్ను అడగకు.

ఇవ్వమని నేను చెప్పను, వద్దని కూడా చెప్పను. ఇదివరకు చెప్పినదాని ఫలం చూస్తున్నాం.

యాక్సిడెంట్లని నేనన్న మాట అక్కడ ఎత్తకు. ఎత్తవలసి వస్తే ఎత్తు. లేదు, ఎత్తకు.

హరిలాల్


తండా నుంచి
9 ఏప్రిల్ 2024, ఉగాది

బామ్మర్దికి రాం రాం.

నిన్న నువ్వు సారు వెనక టేపు పట్టుకుని నిలబడి, నన్ను ఎప్పుడూ చూడనట్టు ఆకాశం వైపు చూశావు. బాగా చేశావు. కానీ నువ్వు చాలా దూరంలో ఉన్నావు, కాబట్టి జరిగింది రాస్తున్నాను. నీకు వినపడకపోవడం కూడా ఒకసారి జరగాలి కదా.

తండా అంతా వచ్చింది. నేను ఆ పెయింటు ధోవతే కట్టుకుని పోయాను. సాక్ష్యానికి పనికొస్తుందని మీ అక్క ఆలోచన.

"సార్, ఈ గీతలు నేనే గీసిన" అన్నాను.

"ఎందుకు గీసినవ్?" అని ఇంజనీర్ సారు అరిచాడు.

"నరకొద్దని."

అందరూ నవ్వారు. నాకు నవ్వు వినపడదు కానీ పొట్టలు కదలడం కనిపిస్తుంది. అడివి ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కడే నవ్వలేదు. దగ్గరికొచ్చి నా ఎడమ చెవిలో, "కూపుల పని చేసినవా పెద్దాయనా?" అన్నాడు. అవ్ అన్నాను. "మా నాయిన గార్డు. తారు గీత సంగతి చెప్పెటోడు" అన్నాడు. ఆయన నమ్మాడు. ఆయన ఒక్కడు నమ్మితే ఏమవుతుంది?

హాతీరాం ముందుకొచ్చి నాకూ వినపడేలా అరిచాడు. "సార్, ఈయన మాట నమ్మకున్రి. తోట కోసం గీసిండు, ఇప్పుడు జనాలకు భయపడి మాట మారుస్తుండు."

నేను తిక్కవాణ్ణని నా నోటితో చెబుతుంటే, కాదు, దొంగవని తండా అంటోంది. నిలబడి ఆలోచించాను. దొంగ కంటే తిక్కవాడు నయమని రుజువు చేసుకోవడానికి కూడా ఖర్చు ఉంటుందన్నమాట. మీ అక్క వైపు చూశాను. ఆమె తోట వైపు చూస్తోంది. బోరు ఎండినప్పుడు ఆ మొక్కలకు బిందెలతో నీళ్ళు మోసింది ఆమె. నేను కాదు.

"ఇచ్చెయ్యి" అంది. నాకు వినపడలేదు, పెదాలు చూశాను.

"ఏంది?"

ఆమె చేత్తో మేకుల వైపు చూపించింది. మేకులకు అప్పటికీ రెండు మేకలు కట్టేసి ఉన్నాయి.

సంతకం పెట్టాను. ఇంజనీర్ సారు మొహం మాడ్చుకుని, మలుపును మళ్ళీ పాత ప్లాన్‌లో పెట్టమన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు మీ అక్క అంది: "తిక్కలోడినని మొత్తుకుంటే ఒక్కడు నమ్మకపాయె. వరుస ఇడిస్తే అందరు నమ్మిండ్రు." హాతీరాం సాయంత్రం మా ఇంటికొచ్చి టీ తాగి, చెట్లను వదిలేసి పామాయిల్ ధర గురించి చాలాసేపు మాట్లాడాడు. ఇవాళ ఎదురింట్లోంచి ఉగాది పచ్చడి వచ్చింది. వేపపువ్వు ఎక్కువైంది.

మిగతా చెట్లకు రేపట్నుంచి రంపం. వాటికి మన దగ్గర ఏ వరుసా లేదు.

ధన్‌సింగ్


అశ్వారావుపేట
16 ఫిబ్రవరి 2025

బావకు దండాలు.

నన్ను ఇక్కడ కాలువ పనిలో వేశారు. మలుపు దగ్గర ప్లాన్ రెండుసార్లు మారడానికి కారణమైనందుకు శిక్ష అని నేనంటాను. టేపు సరిగ్గా పట్టడం రాక అని మా ఇంటావిడ అంటుంది.

తండాకు బస్సు వస్తోందట కదా. సోని హాస్టల్ మానేసిందని రూప్లా చెప్పాడు. పరిహారం వచ్చిందా? అత్తాకోడళ్ళు ఎలా ఉన్నారు? నీ చెవి? ఏ చెట్టుకూ గీత గీయకుండా జవాబు రాయి.

హరిలాల్


తండా నుంచి
19 మార్చి 2025

బామ్మర్ది హరిలాల్‌కు రాం రాం.

రోడ్డు బాగుంది. చెప్పులు వేసుకుని వెళ్ళి చెప్పులతోనే తిరిగి వస్తున్నాం. సోని పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రానికి వస్తోంది, మీ అక్క వంటకు వంకలు పెడుతోంది. గెలలు తాజాగా మిల్లు చేరుతున్నాయి. పోయిన వరుసవి తప్ప. పరిహారం కాగితాలు ఏదో టేబుల్ మీద ఉన్నాయట. ఏ టేబుల్ అని అడిగితే చెప్పారు. నేను అవ్ అన్నాను.

చెట్లు కొట్టిన రోజుల్లో నేను ఇంట్లోనే ఉన్నాను. రంపం చప్పుడు నాకు వినపడలేదు. చెవుడుతో నాకు దక్కిన లాభం అదొక్కటే. వాటి చోట ఇప్పుడు ఎండ చాలా ఉంది. మేకలను తోలుకుపోయేటప్పుడు ఆగే చోటు లేక మలుపు దాకా ఆగకుండా నడుస్తున్నాను. కాళ్ళకు మంచిదని సోని అంటోంది.

అత్తాకోడళ్ళు పూశారు. ఒక చిక్కు వచ్చింది. అత్త రోడ్డు మీదికి వంగి ఉంది కదా, పువ్వులో సగం తారు మీద రాలుతోంది. తెల్లవారి బస్సు వచ్చేలోగా ఏరుకోవాలి. మీ అక్క రోడ్డు మీద పాత చీరలు పరిచి కూర్చుంటుంది. డ్రైవర్ హారన్ కొడతాడు. "ఆగు బిడ్డా, నీ బస్సు నిన్నగాక మొన్న వచ్చింది, ఈ అత్త ఎప్పట్నుంచో ఉన్నది" అంటుంది. డ్రైవర్ ఆగుతాడు. బస్సు ఆలస్యమైందని సోని అమ్మమ్మను తిడుతుంది. గుడ్డెలుగు కూడా పువ్వుకు వస్తోంది. మొన్న మసక వెలుగులో తారు మీద కాలు పెట్టి, ఇదేమిటన్నట్టు వాసన చూసి, వెనక్కి పోయిందట. మర్నాడు మళ్ళీ వచ్చిందట. అలవాటు పడుతోంది. అలవాటు పడడం దానికి మంచిదో కాదో నాకు తెలియదు. గీత సంగతి తర్వాత నేను తెలుసని చెప్పడం తగ్గించాను.

నా గీతలు అలాగే ఉన్నాయి. నరకడానికి వేసే గీతకు రూలు ఉందట కానీ, వేసిన గీతను చెరపడానికి లేదట. పెయింటు కూడా గట్టిది. మిగతా గీతలన్నీ చెట్లతో పాటే లారీ ఎక్కి పోయాయి. ఈ దారి పొడవునా గీత ఉన్న చెట్లు ఇక ఈ రెండే.

మొన్న బస్సులో సోని పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల కిటికీలోంచి చూసి, "ఆ రెంటికే గీత ఎందుకున్నది?" అని అడిగిందట.

"నరకొద్దని" అని చెప్పిందట సోని.

నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

మేకపోతు ఒకటి సిద్ధంగా ఉంది. మేకుకు కట్టేసి ఉంచాను. పెళ్ళి తేదీ రాయి, ఫోన్ చేయకు.

మీ బావ,
ధన్‌సింగ్